కరోనా రెండేళ్లలో మన సంఘం ఎవరి వైపు నిలబడ్డది?

పాకాల సారు
6 ఫిబ్రవరి 2022, ఉదయం 7:40

అందరికీ నమస్తే. ఈ మాట చాలా రోజుల నుంచి గొంతులో అడ్డం పడి ఉంది, ఇక్కడైనా చెప్పుకుంటా.

నేను 1998 డీఎస్సీలో వచ్చిన సర్కారు టీచర్‌ను. ఉద్యోగంలో చేరిన ఏడాదే ఉపాధ్యాయ సంఘంలో చేరిన. ఆరేళ్లు మండల బాధ్యతలు చూసిన. సభ్యత్వ పుస్తకం సంచిలో వేసుకొని బడి బడీ తిరిగిన మనిషిని. పోయిన వారం అట్లనే నర్సంపేట వైపు ఒక ప్రాథమిక పాఠశాలకు పోయిన. అక్కడ పనిచేసే చెల్లె రసీదు రాయనివ్వలేదు. "సార్, మీరంటే గౌరవం. కానీ ఈ రెండేళ్లలో సంఘం నుంచి నాకు వచ్చినవి మూడే మూడు. నాయకులు మంత్రికి పూలగుచ్ఛం ఇచ్చిన ఫొటో, ఎమ్మెల్యే చేతుల మీదుగా క్యాలెండర్ ఆవిష్కరణ ఫొటో, ఓటు ఎవరికి వెయ్యాలో చెప్పే మెసేజ్. నా బాధకు సంబంధించింది ఒక్కటీ రాలేదు" అన్నది. నేను పెన్నుకు మూత పెట్టి జేబులో వేసుకొని తిరిగి వచ్చిన. ఇన్నేళ్లలో ఇట్లా రావడం ఇదే మొదటిసారి.

ఏ పార్టీకి దగ్గర, ఏ పార్టీకి దూరం అనే లొల్లి కోసం ఇది రాయడం లేదు. సంఘానికి రాజకీయం ఉండాల్సిందే. 2020 మార్చి నుంచి ఇప్పటి దాకా మన రాజకీయం ఎవరి కోసం నడిచింది? దీని మీద మనసు విప్పి మాట్లాడండి. సంఘాల పేర్లు, మనుషుల పేర్లు వద్దు. బాధ మన ఇంట్లోది, మాట్లాడుకోవాల్సింది కూడా మనమే.

హన్మకొండ ఎస్‌ఏ
6 ఫిబ్రవరి 2022, ఉదయం 9:05

సార్, మీ పోస్టు చదివి బాధపడ్డాను. నేను జిల్లా కార్యవర్గంలో ఉన్నాను కాబట్టి మా వైపు మాట కూడా చెప్పాలి.

జీతాల పెంపు మీద వేసిన పీఆర్‌సీ (వేతన సవరణ సంఘం), అదే బిస్వాల్ కమిటీ, 2020 డిసెంబరు 31న రిపోర్టు ఇచ్చింది. జనవరి చివర్లో అది బయటికి వస్తే ఫిట్‌మెంట్, అంటే జీతం పెంపు, ఎంత? ఏడున్నర శాతం. ఇంటి అద్దె అలవెన్సు కూడా తగ్గించమని రాసింది. ఆ రోజు నాకు వచ్చిన ఫోన్లకు లెక్క లేదు. అదే 2021 మార్చి 22న శాసనసభలో 30 శాతం ప్రకటించారు, రిటైర్మెంట్ వయసు 61 చేశారు, కాంట్రాక్టు, ఔట్‌సోర్సింగ్ వాళ్లకు కూడా పెంచారు. ఏడున్నర నుంచి ముప్ఫైకి ఊరికే రాలేదు. రోడ్డు మీద ప్రతులు తగలబెట్టినవాళ్లూ ఉన్నారు, లోపలికి పోయి కూర్చొని మాట్లాడినవాళ్లూ ఉన్నారు. రెండూ కావాలి. మాట్లాడాలంటే తలుపు తెరిచి ఉండాలి. తలుపు తెరిచి ఉండాలంటే మనిషికీ మనిషికీ మధ్య కొంత మంచితనం ఉండాలి. ఆ ఫొటోలన్నీ దాని కోసమే తప్ప మా సొంతానికి కాదు.

ఇంకో సంగతి మర్చిపోతున్నారు. 2019లో ఆర్టీసీ సమ్మె 52 రోజులు నడిచింది. వాళ్లంతట వాళ్లే ఉద్యోగాలు వదులుకున్నారని ప్రభుత్వం అన్నది అందరం విన్నాం. ఆ తర్వాత నాలుగు నెలలకే కరోనా. ఆ భయం మీద కూర్చొని నిర్ణయాలు తీసుకున్నాం.

ఏజెన్సీ ఎస్‌జీటీ
6 ఫిబ్రవరి 2022, ఉదయం 11:30

సార్, ముప్ఫై శాతం వచ్చింది, తీసుకున్నాను, కాదనను. కానీ డిసెంబరులో ఉద్యోగులను కొత్త జిల్లాలకు పంచే 317 జీవో వచ్చినప్పుడు ఆ తెరిచిన తలుపు ఎటు పోయింది?

నాది ధర్మసాగర్ దగ్గర ఊరు. 2017 టీఆర్‌టీ (టీచర్ల నియామక పరీక్ష), చేరింది 2019లో. ఉమ్మడి వరంగల్ జిల్లా పోస్టుకే పరీక్ష రాశాను. జిల్లా ఆరు ముక్కలైతే నేను ఎటు పోవాలో సీనియారిటీ చూసి నిర్ణయించారు. ఎక్కడ పుట్టాను, ఎక్కడ చదివాను అన్నది ఎవరూ అడగలేదు. జూనియర్‌ను కాబట్టి అందరూ కోరుకోగా మిగిలింది నాకు. సీనియారిటీ లిస్టు పీడీఎఫ్ రాత్రి పదకొండు దాటాక వాట్సాప్‌లో వచ్చింది. రెండు వేళ్లతో పెద్దది చేసుకుంటూ, కిందికి జరుపుకుంటూ నా పేరు వెతుక్కున్నాను. మా అమ్మ పక్కనే కూర్చొని "దొరికిందా బిడ్డా" అని అడుగుతూనే ఉంది. ములుగు జిల్లా. ఆ తర్వాత ఇచ్చిన బడి వెంకటాపురం మండలం. ముళ్లకట్ట వంతెన మీద గోదావరి దాటి పోవాలి.

ఏజెన్సీలో పనిచేయడానికి నాకు బాధ లేదు. ఇక్కడి పిల్లలు బంగారం. నా బాధ వేరే. ఇది బదిలీ కాదు, నాలుగేళ్లు చేసి తిరిగి రావడానికి. నా కేడరే ఇక్కడికి మారింది. రిటైరయ్యే దాకా ములుగు జిల్లా మనిషినే. మా ఊరి పిల్లలకు రేపు డీఎస్సీ పడితే ఇక్కడా ఖాళీ ఉండదు, అక్కడా ఉండదు. ఇంత పెద్ద విషయం మీద నేను నా సంఘం బాధ్యుడికి ఫోన్ చేస్తే "తమ్ముడూ, ఆప్షన్ ఫారం జాగ్రత్తగా నింపు" అన్నారు. అంతే.

ఇంకొకటి కూడా ఉంది. ఉపాధ్యాయ ఎమ్మెల్సీ ఎన్నికల్లో ప్రైమరీ స్కూల్ టీచర్‌కు ఓటు లేదు. హైస్కూలు, ఆపై స్థాయిలో మూడేళ్లు చెప్పినవాళ్లకే ఓటు. సంఘం చూపు ఎక్కువగా ఎవరి మీద ఉంటుందో మాలాంటి ఎస్‌జీటీలకు (ప్రైమరీ టీచర్లకు) ఎప్పటి నుంచో తెలుసు.

కాకతీయ తోరణం
6 ఫిబ్రవరి 2022, మధ్యాహ్నం 1:15

నేను రిటైర్డ్ హెడ్‌మాస్టర్‌ను. కొంచెం వెనక్కి పోయి చెప్తా.

2011 సెప్టెంబరు 13న సకల జనుల సమ్మె మొదలైంది. 42 రోజులు. బడులకు తాళాలు వేసి మనం రోడ్డు మీద కూర్చున్నాం. అప్పుడు మా ఊరి తల్లిదండ్రులు మమ్మల్ని ఒక్క మాట అనలేదు. టెంటు కింద కూర్చున్న మాకు ఆ ఊరి ఆడవాళ్లే సర్వపిండి చేసి పంపిండ్రు. సమ్మె అయ్యాక ఆదివారాలు, పండుగ సెలవులు అనకుండా పాఠాలు చెప్పి సిలబస్ పూర్తి చేసినం. వాళ్ల నమ్మకం మన దగ్గర అప్పు ఉందనుకొని చేసినం. ఈ గడ్డ మీద అక్కంపేటలో పుట్టిన జయశంకర్ సారు మనకు నేర్పింది కూడా అదే, జనంతో ఉండమని.

2014 తర్వాత ఏమైంది? ఉద్యమంలో పక్కన నడిచినవాళ్లే ప్రభుత్వంలో కూర్చున్నారు. మనోళ్లే కదా అనుకున్నం. మనోళ్లను గట్టిగా అడగాలంటే నోరు రాలేదు. ఇది ఒక్కరి తప్పు కాదు, నాది కూడా. అడిగే అలవాటు ఆరేడేళ్లు తప్పితే, అవసరం పడ్డ రోజు గొంతు లేవలేదు.

2020 మార్చి 30న సగం జీతం జీవో వచ్చినప్పుడు చూడండి. ఆపద కాలం, రాష్ట్రం కోసం సగం ఇద్దామంటే ఏ టీచరూ కాదనేవాడు కాదు. కానీ ఏ చట్టం కింద ఆపుతున్నారని గట్టిగా నిలదీసింది కోర్టుకు పోయిన వాళ్లు. జూన్‌లో ఆర్డినెన్సు తెచ్చుకోవాల్సి వచ్చింది అంటే ఆ ప్రశ్నలో బలం ఉన్నట్టే కదా. మాలాంటి పెన్షనర్ల డబ్బు కూడా ఆపిండ్రు. మందులు కొనుక్కోవాల్సిన వయసు మాది. ఆ పైసలు తర్వాత విడతలుగా వచ్చినయి, నేను కాదనడం లేదు. కానీ ఆ మూడు నెలలు మాకు ధైర్యం చెప్పడానికి ఒక్క ఫోన్ రాలేదు.

లక్నవరం
6 ఫిబ్రవరి 2022, సాయంత్రం 4:50

సార్లు అందరూ జీతాల గురించి మాట్లాడుతున్నారు. నేను ఎలక్షన్ డ్యూటీ గురించి చెప్తాను.

2021 మార్చి 14, పట్టభద్రుల ఎమ్మెల్సీ ఎన్నిక, మన వరంగల్-ఖమ్మం-నల్గొండ స్థానం. 71 మంది అభ్యర్థులు. బ్యాలెట్ పేపరు దినపత్రిక అంత ఉంది. మడత పెట్టడం ఓటర్లకు చేతకాక, ప్రతి ఒక్కరికీ ఎట్లా మడవాలో చూపించాల్సి వచ్చింది. పొద్దటి నుంచి ఒకటే ఊదారంగు స్కెచ్ పెన్ను వందల చేతులు మారింది. శానిటైజర్ సీసా మధ్యాహ్నానికే అయిపోయింది. లెక్కింపు నాలుగు రోజులు సాగింది, రెండో ప్రాధాన్య ఓట్లతో పల్లా రాజేశ్వర్‌రెడ్డి గెలిచారు, తీన్మార్ మల్లన్న రెండో స్థానం, కోదండరాం సార్ మూడో స్థానం. ఆ రాజకీయం మీద మా స్టాఫ్‌రూమ్‌లో నెల రోజులు చర్చ. మా ఆరోగ్యం మీద చర్చ పెట్టింది ఎవరు?

సరే, అప్పటికి కేసులు తక్కువ. ఏప్రిల్ 30 సంగతి వేరు. గ్రేటర్ వరంగల్ కార్పొరేషన్ ఎన్నికలు, 66 డివిజన్లు. సెకండ్ వేవ్ నెత్తి మీద ఉంది. అప్పటికి రాష్ట్రంలో రాత్రి కర్ఫ్యూ. ఎంజీఎం ఆసుపత్రిలో బెడ్ల కోసం జనం తిరుగుతున్నారు. బడులు మార్చి 24 నుంచే మూసేశారు, పిల్లలకు ప్రమాదమని. మంచిదే. మరి సామగ్రి పంపిణీ చేసే చోట వందల మందిమి ఒకరి భుజం ఒకరికి తగిలేటట్టు నిలబడితే అది ప్రమాదం కాదా?

నా పక్క టేబుల్ మీద ఓపీఓగా (పోలింగ్ సిబ్బందిగా) చేసిన మేడమ్‌కు అప్పటికే ఒళ్లు వెచ్చగా ఉంది. "డ్యూటీ క్యాన్సిల్ చేయించుకోలేకపోయారా" అంటే, "అప్లికేషన్ ఇచ్చిన అక్కా, రిపోర్టు ఉంటేనే అన్నారు, టెస్టు కిట్లు దొరకలేదు" అన్నది. టిఫిన్ బాక్సు తెచ్చుకుంది కానీ విప్పలేదు. సాయంత్రం అట్లనే మూత పెట్టింది ఉన్నట్టే సంచిలో పెట్టుకుంది. మే రెండో వారంలో పోయింది. చిన్న పిల్లలు ఇద్దరు. సంఘం గ్రూపులో ఆమె ఫొటో పెట్టి నివాళి రాశారు. దాని కింద వరుసగా చేతులు జోడించిన బొమ్మలు, ఎన్నో స్క్రీన్ల దాకా. నేను ఆ రోజు గ్రూపు నుంచి బయటికి వచ్చేశాను, మళ్లీ చేరలేదు.

ఇప్పుడు 317లో నన్ను ములుగుకు, మా ఆయనను హనుమకొండకు వేశారు. భార్యాభర్తలను ఒకే జిల్లాకు వేయాల్సిన స్పౌజ్ కేసుల్లో 13 జిల్లాలు బ్లాక్ చేశారు, మాది అందులో పడింది. దాని గురించి ఇంకోసారి రాస్తాను. ఇప్పుడు చేయి ఆడడం లేదు.

సుద్దముక్క
6 ఫిబ్రవరి 2022, రాత్రి 8:20

మేడమ్, మీరు రాసింది చదివి చాలాసేపు ఏమీ తోచలేదు. ఆ పిల్లలకు దేవుడు తోడుండాలి.

నేను ప్రైవేటు టీచర్‌ను. పదకొండేళ్లు భౌతికశాస్త్రం చెప్పాను. బడి పేరు వద్దు. 2020 మార్చి జీతం సగం వచ్చింది, ఏప్రిల్ నుంచి సున్నా. మీకు సగం జీతం ఆపితే కోర్టు ఉంది, సంఘం ఉంది. మాకు ఎవరున్నారు? నేను ఊరికి పోయి ఉపాధి హామీ పనికి పోయాను. చెరువు పూడిక తీసే చోట నా దగ్గర చదువుకున్న పిల్లవాడు ఎదురై "సార్, మీరు ఇటు నీడకు రండి, మీ వంతు నేను తవ్వుతా" అన్నాడు. ఆ మాటకు ఏడుపు ఆగలేదు.

2021 ఏప్రిల్ నుంచి ప్రభుత్వం నెలకు 2,000 రూపాయలు, 25 కిలోల సన్నబియ్యం ఇచ్చింది. లక్ష మందికి పైగా తీసుకున్నాం. ఆ సహాయం మా ఇంట్లో పొయ్యి వెలిగించింది, అందుకు కృతజ్ఞత ఉంది. కానీ దానికి ముందు ఏడాది పాటు మా గురించి సర్కారు టీచర్ల సంఘం ఎంత గట్టిగా మాట్లాడింది? ఎమ్మెల్సీ ఎన్నికలు వస్తే మాత్రం మా హైస్కూల్‌కు కూడా వచ్చి ఓటు అడుగుతారు. ఓటుకు మేము ఉపాధ్యాయులం, ఆకలికి మాత్రం కాదు.

మాజీ వీవీ
6 ఫిబ్రవరి 2022, రాత్రి 9:10

అన్నా, మా కథ కూడా అదే. నెలకు 12,000కు విద్యా వాలంటీరుగా చేశాను. సింగిల్ టీచర్ బడిలో, సారు మీటింగుకు పోతే ఐదు తరగతులకూ నేనే. 2020 మార్చి తర్వాత మమ్మల్ని మళ్లీ తీసుకోలేదు. తీసేస్తున్నాం అని ఒక కాగితం కూడా ఇవ్వలేదు. రాష్ట్రంలో 12 వేల మంది దాకా ఉంటాం. బడులు ఊడ్చే స్వచ్ఛ కార్మికులను కూడా తీసేశారు, చాలా చోట్ల సార్లే చీపురు పట్టారు.

మా మండలంలో సంఘం వినతిపత్రం ఇచ్చేటప్పుడు నన్ను కూడా పిలిచారు. ఫొటోలో నేను చివర నిలబడ్డాను. ఆ కాగితం చదివాను. మొదటిది పీఆర్‌సీ, తర్వాత డీఏ, బదిలీలు, ప్రమోషన్లు, సీపీఎస్ (కొత్త పెన్షన్ పథకం) రద్దు. మా సంగతి కింద, సంతకాలకు పైన ఆఖరి లైను. అయినా రాశారు కదా అని సంతోషపడ్డాను. ఆ తర్వాత ఎవరినైనా అడిగారా, ఎన్నిసార్లు అడిగారు అని ఎవరూ చెప్పలేదు.

తండా బిడ్డ
6 ఫిబ్రవరి 2022, రాత్రి 10:35

నేను టీచర్‌ను కాదు, రాయవచ్చో లేదో తెలియదు. గూడూరు దగ్గర తండా మాది. డిగ్రీ చదువుతున్నాను.

2020 సెప్టెంబరు 1 నుంచి టీ-శాట్, దూరదర్శన్ యాదగిరి టీవీ ఛానెళ్లలో పాఠాలు మొదలైనప్పుడు మా తమ్ముడు ఐదో తరగతి. మా ఇంట్లో టీవీ లేదు. సారు వచ్చి టీవీ ఉన్నోళ్లు, ఫోన్ ఉన్నోళ్లు, ఏదీ లేనోళ్లు అని మూడు జాబితాలు రాసుకున్నడు. పక్కింటి టీవీ ముందు కూర్చోబెట్టమన్నడు. పక్కింటోళ్లు పత్తి ఏరడానికి పోతే తాళం. సారు వారానికి రెండుసార్లు బండి మీద వచ్చి వర్క్‌షీట్లు ఇచ్చిపోయేటోడు. వేపచెట్టు కింద నిలబెట్టి లెక్కలు చెప్పిండు. సారు మంచోడు. ఇప్పటికీ అమ్మ ఆయన పేరు తీస్తది.

కానీ ఆ పాఠాలు మూడో తరగతి నుంచే. మా చెల్లె అప్పుడే ఒకటిలో చేరింది. ఆమె బడి గడప తొక్కింది 2021 సెప్టెంబరులో, రెండో తరగతిలో. ఇప్పటికీ అక్షరాలు కూడబలుక్కోలేదు. మీరు బడులు తెరవొద్దని అడిగారా, తెరవాలని అడిగారా నాకు తెలియదు. మా తండాకు ఏం కావాలో అడిగితే బాగుండేది అనిపిస్తది.

పాకాల సారు
7 ఫిబ్రవరి 2022, ఉదయం 6:15

బిడ్డా, నువ్వు తప్పకుండా రాయాలి. ఈ చర్చలో అందరి కంటే నీకే ఎక్కువ హక్కు ఉంది.

నిజం చెప్తా. బడులు తెరవాలా వద్దా అని 2020లో మా మండల సమావేశంలో రెండు గంటలు మాట్లాడుకున్నం. హాజరు ఎట్లా, 50 శాతం వంతులు ఎట్లా, బస్సులు లేవు ఎట్లా వచ్చుడు. ఒకటో తరగతి పిల్ల అక్షరం సంగతి ఎజెండాలో లేదు. నేనే అధ్యక్షత వహించిన, కాబట్టి ఈ తప్పు మొదట నాది.

హన్మకొండ ఎస్‌ఏ
7 ఫిబ్రవరి 2022, రాత్రి 9:40

రోజంతా బడిలో ఉన్నా మనసు ఇక్కడే ఉంది. లక్నవరం మేడమ్, మీకు జవాబు చెప్పకుండా ఉండలేను.

కార్పొరేషన్ ఎన్నికలు వాయిదా వెయ్యాలని అడిగాం. డ్యూటీలో చనిపోయినవాళ్లను ఫ్రంట్‌లైన్ వారియర్లుగా గుర్తించాలని, కుటుంబానికి పరిహారం, ఉద్యోగం ఇవ్వాలని అడిగాం. కాగితాలన్నీ నా ఫైల్‌లో ఉన్నాయి. కానీ ఆ రోజు కార్యవర్గంలో ఒకరు "వాయిదా వెయ్యకపోతే డ్యూటీకి పోం అని రాద్దాం" అన్నారు. గది అంతా మౌనం. నెల కిందటే పీఆర్‌సీ ప్రకటన వచ్చింది, ఉత్తర్వులు ఇంకా రాలేదు. ఉత్తర్వులు ఆగిపోతాయేమో అని అందరి మనసులో ఉంది, బయటికి ఎవరూ అనలేదు. నేను కూడా అనలేదు. ఆ లైను రాయలేదు. పీఆర్‌సీ ఉత్తర్వులు జూన్‌లో వచ్చాయి. మేడమ్ చెప్పిన ఆ సోదరి మేలోనే పోయింది.

317 అప్పుడు కూడా అంతే. మాతో సంప్రదించామని పైవాళ్లు అన్నారు. గది లోపల కూర్చున్నవాళ్లం కాబట్టి గది బయటికి వచ్చి గట్టిగా కాదని అనలేకపోయాం. కొన్ని సంఘాలు పోరాట కమిటీగా కలిసి రోడ్డు మీదికి వచ్చాయి, వాళ్లకు నా దండం. జనవరిలో కరీంనగర్‌లో బీజేపీ నాయకుడు బండి సంజయ్ 317 మీద దీక్ష చేసి అరెస్టయితే మా వాళ్లలో చాలామంది యువ టీచర్లు ఆ వీడియోలే షేర్ చేశారు. వాళ్లు ఆ పార్టీ వాళ్లు కాదు. తమ బాధ ఎవరు పలికితే వాళ్లవైపు చూశారు. ఇందులో వాళ్ల తప్పు ఏమీ లేదు.

ఏజెన్సీ ఎస్‌జీటీ
7 ఫిబ్రవరి 2022, రాత్రి 10:20

సార్, మీరు ఇంత నిజాయితీగా ఒప్పుకుంటారని అనుకోలేదు. ధన్యవాదాలు. కోపంలో నేను కూడా కొంచెం ఎక్కువే రాశాను.

ఒక్క మాట. పార్టీని మార్చుకుంటే సమస్య పోదు. ఈ పార్టీకి అంటిపెట్టుకున్నట్టే రేపు ఇంకో పార్టీకి అంటిపెట్టుకుంటే మళ్లీ ఇదే గదిలో కూర్చుంటాం. 2019లో మన ఉపాధ్యాయ ఎమ్మెల్సీ స్థానంలో సిట్టింగ్ ఎమ్మెల్సీని కాదని అలుగుబెల్లి నర్సిరెడ్డి సార్‌ను గెలిపించింది కూడా మన ఓటర్లే. అంటే టీచర్లు సొంతంగా ఆలోచిస్తారు. సంఘం వాళ్ల వెనుక నడిస్తే చాలు.

కాకతీయ తోరణం
8 ఫిబ్రవరి 2022, ఉదయం 5:50

తమ్ముడు చెప్పింది సరైన మాట. నా వంతు ఒక సూచన. ఈసారి మండల సమావేశానికి టీచర్లనే కాకుండా మాజీ వీవీలను, ప్రైవేటు టీచర్లను, పాఠశాల యాజమాన్య కమిటీ తల్లిదండ్రులను కూడా పిలవండి. వేదిక మీద కాదు, అందరితో పాటు కింద కూర్చోబెట్టి. మొదట వాళ్లే మాట్లాడాలి, నాయకులు చివర.

పాకాల సారు
8 ఫిబ్రవరి 2022, ఉదయం 7:05

పెద్దసారు చెప్పినట్టే చేద్దాం. ఈ నెల 13, ఆదివారం పొద్దున పదింటికి, నర్సంపేటలో మా హైస్కూల్ ఆవరణలో. ఎమ్మెల్యేను పిలవడం లేదు, ఏ పార్టీ వాళ్లనూ పిలవడం లేదు. క్యాలెండర్లు తేవడం లేదు. వినతిపత్రం అక్కడే కూర్చొని రాద్దాం. మొదటి లైను ఒకటి, రెండు తరగతుల పిల్లల చదువు. రెండోది డ్యూటీలో పోయినవాళ్ల కుటుంబాలు. ఆ తర్వాత వీవీలు, 317, స్పౌజ్ కేసులు. డీఏ చివర్లో రాద్దాం, మన కడుపు నిండే ఉంది.

లక్నవరం మేడమ్, ఆ సోదరి ఇల్లు ఎక్కడో చెప్తే శనివారం సాయంత్రం హన్మకొండ సారు, నేను పోయి వస్తాం. పిల్లల స్కూల్ ఫీజు సంగతి కనుక్కుందాం.

లక్నవరం
8 ఫిబ్రవరి 2022, ఉదయం 7:30

నేను కూడా వస్తాను సార్. అడ్రసు మీకు విడిగా పంపుతున్నాను. పెద్దపాప ఏడో తరగతి, చిన్నబాబు మూడు. వాళ్ల అమ్మమ్మ దగ్గర ఉంటున్నారు.

మాజీ వీవీ
8 ఫిబ్రవరి 2022, ఉదయం 7:42

ఆదివారం నేను వస్తాను. మా మండలం నుంచి ఇంకో నలుగురు వీవీలు ఉన్నారు, వాళ్లను కూడా తీసుకొస్తాను. మాలో ఒకామెకు పాలు తాగే పాప ఉంది, నీడ ఉన్న చోట కుర్చీ వేయండి సార్.

తండా బిడ్డ
8 ఫిబ్రవరి 2022, ఉదయం 8:10

సార్, మా అమ్మ వస్తా అంటుంది. చెల్లెను కూడా తీసుకొస్తాం. గూడూరు నుంచి పొద్దున మొదటి బస్సుకే బయలుదేరుతం.